రత్నం సర్దిన సంచి

భీమిలి తీరాన ఈత, సైకిలు, పరుగు మూడూ కలిసిన పోటీకి శిక్షణ ఇచ్చే పైడిరాజు మాస్టారికి ఓ విచిత్రమైన అలవాటు ఉంది. పోటీ ముందురోజు సాయంత్రం ఎవరి సామాను వాళ్ళను సర్దుకోనివ్వరు. ఒకరి సంచి ఇంకొకరు సర్దాలి. మూతి కట్టేశాక మళ్ళీ పోటీ మధ్యలోనే విప్పాలి.

ఆ ఏడు చంద్రకళ సంచి నూకరత్నం చేతికి వెళ్ళింది. రాష్ట్ర జట్టులో ఆడవాళ్ళకు మిగిలింది ఒక్క చోటు. ఈ ఇద్దరిలో ఎవరు ముందు గీత దాటితే అది వాళ్ళది. వచ్చే ఏటికి చంద్రకళకు వయసు దాటిపోతుంది కూడాను. ఇంకేముంది, ఒంటికాలి మీద లేచింది.

"ఇదేం పద్ధతి మాస్టారూ? నాతో పోటీపడే మనిషి చేతిలో నా సామాను పెడతారా? నా లోటుపాట్లన్నీ తనకి తెలిసిపోవూ?"

మాస్టారు నవ్వి, "ముందు నువ్వు రత్నం సంచి సర్దమ్మా" అన్నారు. 

చంద్రకళ సర్దింది. చెడ్డ మనిషేం కాదు సుమండీ! బూట్లు, మేజోళ్ళు, టోపీ, తువ్వాలు, ఒక్కటీ తక్కువ చెయ్యలేదు. మూతి బిగించి చేతులు దులుపుకుంది. అటు చూస్తే రత్నం ఈవిడ బూటు ఒళ్ళో పెట్టుకుని ఏదో కత్తిరిస్తోంది, అంటిస్తోంది. చంద్రకళకు అడుగుదామంటే మొహమాటం, ఊరుకుందామంటే భయం.

మర్నాడు ఈత బాగానే సాగింది. సైకిళ్ళు దిగేసరికి ఇద్దరూ ఇంచుమించు పక్కపక్కనే ఉన్నారు. చంద్రకళ సంచి విప్పింది. కాలు సులువుగా దూరేలా బూట్ల తాళ్ళు వదులు చేసి ఉన్నాయి. ఎడమ బూటు లోపల, మడమ ఒరుసుకునే చోట, మెత్తటి స్పాంజి ముక్క ఒకటి ముడత పడకుండా అంటించి ఉంది.

ఆ మడమ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. పరుగు సగానికి వచ్చేసరికి బొబ్బలెక్కి ప్రాణం తోడేసేది. ఇన్నాళ్ళూ పళ్ళ బిగువున దాచుకుంటూ వచ్చింది. వెనకాల పరుగెత్తుతూ రత్నం ఎప్పుడో గమనించింది కాబోలు. గమనించి ఊరుకోలేదు, మహాతల్లి!

ఆ రోజు మడమ ఏమీ అనలేదు. అడుగు పడ్డప్పుడల్లా ఆ మెత్తదనం కాలికి తగులుతుంటే, చంద్రకళ మనసులోనే రత్నానికి దణ్ణం పెట్టుకుంటూ పరుగెత్తింది. ముందుగా గీత దాటింది. జట్టులో చోటు ఆవిడదైపోయింది. అందరూ చప్పట్లు కొడుతుంటే, ఆవిడ తిన్నగా మాస్టారి దగ్గరికి వచ్చి బావురుమంది.

"తనకి రావలసిన చోటు చేజేతులా నాకిచ్చేసింది మాస్టారూ. నేను తన బూట్లు సర్దాను గానీ, తన కాళ్ళ సంగతి ఒక్కసారైనా ఆలోచించానా? ఇప్పుడు తన మొహం చూసి ఏమని చెప్పను?"

మాస్టారు రోడ్డు వైపు చూశారు. ఎండలో రత్నం ఇంకా పరుగెత్తుకుంటూ వస్తోంది.

"మాటలెందుకమ్మా? గీత దగ్గర మంచినీళ్ళు పట్టుకుని నిలబడు. ఆ పిల్ల దాహంతో వస్తోంది."