నక్కకి రాని విభక్తి

చింతలకోన అడవిలో ఒక్కటే బడి. దాన్ని నడిపేది మేక పంతులమ్మ. గొంతు గరుకు, కొమ్ములు వంకర, పాఠం మాత్రం సూటి. కుందేళ్ళూ ఉడతలూ కోడిపిల్లలూ కలిపి పద్నాలుగు మంది పిల్లలు.

ఆ బడి మీద గుంటనక్క కన్ను పడింది. నక్కకి గొప్ప పరిశోధకుడని పేరు. చదువులో సృజన అంటే పంతుళ్ళు ఏమనుకుంటున్నారో కనుక్కోవడం దాని పని. ముందటేడు సృజనంటే బొమ్మలేనని తేల్చింది. నిరుడు పాటలంది. ఈ ఏడు మట్టిపని అంటోంది. ఏ ఎండకా గొడుగు. చుట్టుపక్కల అడవుల్లో పంతుళ్ళంతా పాఠాలు మానేసి మట్టి పిసుకుతున్నారు, మన మేక తప్ప.

ఒక పొద్దున నక్క విద్యాధికారి ఎలుగుబంటిని వెంటబెట్టుకొచ్చింది.

"ఏం చెబుతున్నావు పంతులమ్మా?"

"విభక్తులు."

నక్క పెదవి విరిచింది. "విన్నారా అయ్యగారూ? కి, కు అని వల్లె వేయిస్తోంది. ఇందులో సృజన ఎక్కడేడ్చింది? ఈ బడి మూసేసి పిల్లల్ని నా సృజన కేంద్రానికి పంపండి. అక్కడి పద్ధతంతా ఈ కాగితంలో రాశాను."

"ఎక్కడా కేంద్రం?" అంది మేక.

"మా బొరియలోనే. మంచి నీడపట్టు."

మేకకి ఒళ్ళు మండింది. ఆ బొరియలోకి వెళ్ళిన పిల్ల తిరిగి రాదు. "పంపను," అంది.

"నేను ఉత్తర్వు ఇస్తే?" అంది ఎలుగుబంటి.

"ఇచ్చినా పంపను. ఈయనగారు ఇన్నేళ్ళూ బడుల చుట్టూ తిరిగాడు గానీ ఒక్క పూటైనా తరగతిలో కూర్చోలేదు. మీరు కూర్చోండి. విన్నాక మాట్లాడండి."

ఎలుగుబంటి కూర్చుంది. మేక ఆ కాగితమే అడిగి తీసుకుని కుందేలు పిల్లకి ఇచ్చింది. నక్క మీసం దువ్వుకుంది.

కుందేలు చదివింది. "పొద్దున మట్టిపని. మధ్యాహ్నం భోజనానికి పిల్లలు."

"ఆగు. 'కి' ఎక్కడుంది?"

"భోజనం దగ్గరుందమ్మగారూ."

"తీసి పిల్లల దగ్గర పెట్టు."

"పిల్లలకి భోజనం."

"రెండూ ఒకటేనా?"

కుందేలు చెవి గోక్కుని ఆలోచించింది. "కాదమ్మగారూ. పిల్లలకి భోజనమంటే మేం తింటాం. భోజనానికి పిల్లలంటే మమ్మల్ని తింటారు."

ఎలుగుబంటి మెల్లగా నక్క వైపు తిరిగింది.

"కలం జారిందయ్యగారూ," అంది నక్క. "పిల్లలకి భోజనమనే నా ఉద్దేశం."

కోడిపిల్ల లేచి నిలబడింది. "అయితే మాకేం వండుతావు నక్క మామా?"

ఆ సంగతి నక్క ఎన్నడూ ఆలోచించలేదు. బొద్దుగా ఉన్న కోడిపిల్లని చూసేసరికి ఒళ్ళు మరిచిపోయింది. "వండటం దేనికమ్మా, పచ్చిగానే రుచి," అని లొట్టలేసింది.

"నీ పరిశోధన నాకు బోధపడింది," అని ఎలుగుబంటి పంజా ఎత్తింది. అది దిగేలోపే మేక కొమ్ములు నక్క నడుముకి తగిలాయి. ముళ్ళకంపలో పడి లేచి, కుంటుకుంటూ పారిపోయింది నక్క.

మేక రొప్పుతూనే పిల్లల వైపు తిరిగింది. "తరువాతి వాక్యం ఎవరు చదువుతారు?"

పద్నాలుగు చేతులు లేచాయి.

నీతి: ప్రశ్న అడగడం నేర్చిన పిల్ల ఏ నక్క పళ్ళెంలోకీ రాదు.