తవ్విన మట్టి ఏదీ?

అనగనగా ఒక అడవి. అంత పెద్ద అడవికీ ఉన్నది ఒకటే మడుగు. దాని ఒడ్డున చిరుత కాపలా. ఎవరు తాగాలన్నా ముందు తల వంచి, "చిరుత తాత తవ్విన మడుగు, చిరుత దయ" అనాలి. అదీ చిరుత ఇంటివాళ్ళంతా తాగాకే.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మిగతా జంతువుల వంతు వచ్చేసరికి బురదే మిగిలేది. ముళ్ళపంది పిల్ల గుచ్చికి ఒక తమ్ముడు. దాహంతో వాడి నాలుక పిడచకట్టుకుపోయింది.

ఇక లాభం లేదనుకుంది గుచ్చి. తమ్ముణ్ణి వెంటబెట్టుకుని, తెల్లారేసరికి అందరికంటే ముందు వెళ్ళి మడుగు దగ్గర నిలబడింది.

"తల వంచవే, ముళ్ళ పిల్లా!" అని కసిరింది చిరుత కొలువులోని నక్క.

"వంచుతాలే నక్క బాబాయ్. మడుగు తవ్వకముందు చిరుత తాత ఏం తాగేవాడు?"

నక్క తలెత్తి ఆకాశం వైపు చూసింది. "వా... వాన నీళ్ళు!"

"మరి జింకల తాతలో?"

"అప్పుడు జింకలే లేవు."

"జింకలే లేకపోతే చిరుత తాత ఏం తిన్నాడు?"

అప్పటికే వెనక వరుసలో చేరిన జంతువుల్లోంచి కుందేలు కిసుక్కున నవ్వింది.

చిరుత లేచి నిలబడింది. "ఇంకొక్క ప్రశ్న అడిగావంటే, నీకూ నీ తమ్ముడికీ ఈ వేసవంతా చుక్క నీళ్ళుండవు!"

గుచ్చి తమ్ముడి వైపు చూసింది. తల వంచితే బురదైనా దొరుకుతుంది. కానీ రేపు? ఎల్లుండి? గుచ్చి ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి.

"మా అమ్మ బొరియ తవ్వితేనే గుమ్మం ముందు ఇంతెత్తు మట్టికుప్ప. ఇంత మడుగు తవ్విన మీ తాత, ఆ మట్టంతా ఎక్కడ పోశాడు మామా?"

అందరూ చుట్టూ చూశారు. నేలంతా చదును. కుప్ప లేదు, దిబ్బ లేదు.

"గాలికి కొట్టుకుపోయింది," అంది చిరుత.

"అబ్బో! అంత గాలి నిన్నెందుకు వదిలేసిందో!" అంది అడవిపంది.

చిరుత పంజా ఎత్తింది. నిక్కబొడిచిన ఆ ముళ్ళు చూసి ఆగింది. ఆలోపే కుందేలు నీళ్ళలోకి దిగి తల వంచింది, తాగడానికి మాత్రమే. వెనకే జింకలు, అడవిపందులు. ఒక్క పంజా ఎంతమందిని ఆపుతుంది?

గుచ్చి తమ్ముడు కడుపునిండా తాగాడు.

చివరికి ఒడ్డున చిరుత ఒక్కటే మిగిలింది.

"రా మామా, నువ్వూ తాగు," అంది గుచ్చి. "నిన్నేమీ పలకమనంలే."

నీతి: పాత కథ చెప్పి ఎవరైనా తల వంచమంటే, ముందు తవ్విన మట్టి చూపించమనండి.