కరిగిపోయిన పట్టు

అనగా అనగా, పట్టు ఉడికించే పొయ్యిలు ఆరని ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో తిమ్మక్క, ఆమె తమ్ముడు కోనప్ప నేతగాళ్ళు తెచ్చిన ముడిపట్టును క్షారపు నీళ్ళలో ఉడికించి, జిగురు వదలగొట్టి, తిరిగి వాళ్ళకు ఇచ్చేవారు.

ఒక ఏడు పట్టుపురుగులకు తెగులు సోకింది. ఊరంతటికీ ఒక్క బుట్టెడు ముడిపట్టు మిగిలింది. పంటలూ లేవు.

"పండుగలోగా పట్టుబట్ట నా కొలువుకు చేరితే గాదెలు తెరిపిస్తాను" అన్నాడు రాజు.

కోనప్ప ఒక చిలప, అంటే ఒక చిన్న కట్ట పట్టుపోగులను, చవుటిమట్టి నానబెట్టిన తేటనీళ్ళలో ఉడికించాడు. జిగురు కదల్లేదు. మరో చిలపను అరటిబూడిద నీళ్ళలో ఉడికించాడు. జిగురు పోయింది గానీ ఆ ఒక్క చిలపకే పొద్దు గుంకింది. ఇలా అయితే పండుగలోగా పని తెమలదు.

అప్పుడొక వర్తకుడు మూడో క్షారం తెచ్చాడు. అది చవుటి తేటలో సున్నం వేసి కాచిన ఘాటు నీరు.

"నూలుబట్టలు దీంతో గడియలో మల్లెపువ్వుల్లా తెల్లబడతాయి" అన్నాడు.

"పట్టుకు వాడి చూశారా?" అని అడిగింది తిమ్మక్క.

"ఏదైనా బట్టే గదమ్మా."

తిమ్మక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఒక్క పోగు వేసి చూద్దాంరా."

"పొద్దు లేదక్కా. పిల్లలు ఆకులు ఉడకబెట్టుకుని తింటున్నారు" అని కోనప్ప బుట్టలో మిగిలిందంతా ఆ ఘాటు నీరు మరుగుతున్న బానలో వేశాడు.

పట్టు తళతళ మెరిసింది. కోనప్ప ముఖం విప్పారింది. కాసేపటికి కర్రతో ఎత్తబోతే జారుడు నీళ్ళే వచ్చాయి. తిమ్మక్క రెండు చేతులూ బానలోకి దించి దేవింది. ఒక్క పోగూ చిక్కలేదు. చేతుల చర్మం ఊడివచ్చింది.

"నేతగాళ్ళు తెగులు పట్టిన పట్టు ఇచ్చారని చెప్పు, నేరం వాళ్ళ మీదికి పోతుంది" అని కోనప్ప చెవిలో ఊది వర్తకుడు వెళ్ళిపోయాడు.

కోనప్ప రాజు ముందు మోకరిల్లాడు. "నేతగాళ్ళు మంచి పట్టే ఇచ్చారు ప్రభూ. క్షారాన్ని ఎంచింది నేను. పరీక్షించనిదీ నేనే."

రాజు అతని మాట నమ్మాడు. నేతగాళ్ళను శిక్షించలేదు. నిజం చెప్పినందుకు సగం గింజలు ఇప్పించాడు.

సగం గింజలు ఊరంతటికీ చాలలేదు. చలి తగ్గేలోగా ముసలివాళ్ళు చాలామంది పోయారు. తిమ్మక్క వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. కోనప్ప రోజూ ఆమెకు ముద్దలు కలిపి పెట్టేవాడు. ఆమె ఒక్క మాట అనేది కాదు. అనకపోవడమే అతనికి భరించరానిదయింది.

కనుక పిల్లలూ, ఒకదానికి మేలు చేసినది మరొకదానికి చేటు చేయవచ్చు. ముందే పరీక్షించి చూడండి, ఎందుకంటే తొందరలో పోగొట్టుకున్నదాన్ని తరువాత చెప్పిన నిజం కూడా తిరిగి తేలేదు.