విప్పని కట్టలు

1958 మే 25, ఆదివారం. రోహిణి కార్తె ప్రవేశించిన రోజు. విజయనగరంలో పొద్దున తొమ్మిదింటికే వడగాలి మొదలైంది. మధ్యాహ్నం నాలుగు చినుకులు రాలి, నేల తడవకముందే ఆగిపోయాయి. గురువుగారి గుమ్మానికి కట్టిన వట్టివేళ్ల తడికె మీద నీళ్లు చల్లడం ఆ వారం నా వంతు. ఆ వాసన ఇప్పటివాళ్లకి చెప్పినా తెలియదు, పోనివ్వండి.

మాకు తర్కం చెప్పిన చామర్తి సోమయాజులుగారిని ఆ రోజు నాతో చదివే దాలినాయుడు అడిగాడు. "గురువుగారూ, ఆ విశ్వవిద్యాలయంలో ఇరవై సీట్లకి పన్నెండు వందల మంది పరీక్ష రాస్తారట. నాకు వచ్చే అవకాశం ఎంతండీ?" వాళ్ల నాన్న ఒక్కసారి రాయడానికే ఒప్పుకున్నాడు. రాకపోతే చదువు చాలించి నాగలి పట్టాలి.

"అరవైలో ఒకటి. ఆమాత్రం భాగహారం రాదట్రా?" అన్నాను నేను.

"నీకు భాగహారమే వచ్చును," అని గురువుగారు నా నోరు మూయించి, తాను అక్కడే ఎంపిక సంఘంలో కూర్చున్న ఏడాది జరిగింది చెప్పారు.

జవాబు పత్రాలు జిల్లాలవారీగా కట్టలు కట్టి వచ్చేవి. చదివేవాళ్లు గురువుగారితో కలిపి ముగ్గురు. మొదటి కట్టలు శ్రద్ధగా, ఒక్కొక్క వాక్యం మీద వాదించుకుంటూ చదివారు. నాలుగో కట్టకే ఇరవై పేర్లూ నిండిపోయాయి. ఇంకా అయిదు కట్టలు మిగిలాయి. సంఘానికి పెద్ద అయిన ఆచార్యులుగారు కళ్లజోడు తీసి, "బాగా రాసినవాడు కనిపిస్తే ఉన్నవాణ్ణి తీసెయ్యాలి. ఎందుకయ్యా ఆ పాపం?" అన్నారు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. కట్ట విప్పనివాళ్లకి కూడా అచ్చు ఉత్తరం వెళ్లింది: "మీ పత్రమును క్షుణ్ణముగా పరిశీలించితిమి. ప్రతిభ చాలలేదు."

నెల తిరక్కుండా కలిశెట్టి పైడయ్య అనే కుర్రవాడు ఆ ఉత్తరం పట్టుకుని, రైలు దిగి నేరుగా గురువుగారి బసకి వచ్చాడట. "తప్పెక్కడో చెప్పండి బాబూ, దిద్దుకుంటాను," అన్నాడట. అతనిది ఆరో కట్ట.

"ఏం చెప్పారండీ?" అన్నాడు దాలినాయుడు.

"దస్తూరీ బాగులేదన్నాను. నమ్మి, దండం పెట్టి వెళ్లాడు. రెండేళ్లు కాపీ పుస్తకాలు దిద్దాడట. ఇప్పుడు కోర్టు అరుగు మీద ఊళ్లోవాళ్లకి అర్జీలు రాస్తున్నాడు. ముత్యాల్లాంటి అక్షరాలు."

తడికె ఆరిపోయినా నేను లేవలేదు.

"అయితే నన్ను రాయమంటారా, వద్దంటారా?" అన్నాడు దాలినాయుడు.

"రాయి. వద్దనే అర్హత నాకు లేదు," అన్నారు గురువుగారు. ఆగి, గోడవైపు తిరిగి అన్నారు: "ఆచార్యులుగారి కుర్చీ ఆయన మేనల్లుడికి దక్కింది. ఆ ఇరవైమందిలో ముగ్గురు ఇప్పుడు ఎంపిక సంఘంలో ఉన్నారు. నాకు శాలువా కప్పారు. పైడయ్యకి ఏమీ రాలేదు."