సింగారి వదులుకున్న ముర్రుపాలు

ఏటి పక్కన వరిపొలాలను ఆనుకుని ఒక పశువుల పాక. అందులో రెండు గేదెలు, ఒక ముసలి ఎద్దు కాపురముండేవి. ఎవరూ పెంచకపోయినా ఎవరూ తరమని ఒక బూడిదరంగు పిల్లి కూడా అక్కడే తిరిగేది. పెద్దగేదె లచ్చుమమ్మ ఎన్ని ఈతలు ఈనిందో దానికే గుర్తులేదు. చిన్నది సింగారి, దాని చెల్లెలి కూతురు. తొలిచూలు.

పెద్దమ్మకీ కూతురికీ కొన్నాళ్లుగా మాటల్లేవు. చూలుతో ఉన్నదానివి, వానకు తడిసి కుళ్లిన గడ్డి తినొద్దని లచ్చుమమ్మ కొమ్ముతో నెట్టింది. తన మేత చూసి ఓర్వలేక నెట్టిందని సింగారి మనసులో పెట్టుకుంది. అప్పటినుంచి ఇద్దరూ చెరో గోడవైపు మొహం పెట్టి నెమరేసేవారు. అదంతా దూలం మీద కూర్చుని చూసింది పిల్లి.

ఈనడానికి ఇంకా వ్యవధి ఉందనుకుని, లచ్చుమమ్మను కట్టేసి, చూలుదని సింగారిని వదిలేసి ఇంటివాళ్లంతా పొద్దున్నే నాట్లకు వెళ్లారు. వాళ్లటు వెళ్లగానే సింగారి ఈనింది. దూడ లేచి నిలబడి, నాలుగు గుటకలు తాగిందో లేదో ఎక్కిళ్లు పట్టుకున్నాయి. కడుపు బిగిసింది. తోకెత్తి ముక్కుతోంది గాని ఏమీ పడటం లేదు. బిడ్డ అలా మూలిగితే ఏం చెయ్యాలో సింగారికి తెలియదు. తెలిసినది పక్కనే ఉంది. అడగడానికి నోరు రాలేదు.

పిల్లి మెల్లగా కిందికి దిగింది. తాను అటకమీద ఎంతమంది పిల్లల్ని సాకిందో, ఎన్ని ఇళ్ల బాలింతలకు చేసే వైద్యం చూసిందో చెప్పుకొచ్చింది. తర్వాత పొదుగు వైపు చూసి ముక్కు చిట్లించింది.

"ఆ పాలు చూడు తల్లీ, పసుపుపచ్చగా, జిగటగా. ఇన్నాళ్లూ లోపల నిలవుండి విరిగిపోయిన పాలవి. అవే పిల్లకు పడలేదు. ఈ పూట పిల్లను దగ్గరికి రానీకు. పొదుగును రాతితొట్టి అంచుకు ఆనించు, చెడ్డపాలు కారిపోతాయి. పిల్లచేత ఆ గోడపక్క వామాకు నమిలించు. సాయంత్రానికి తెల్లటి పాలు దిగుతాయి."

లచ్చుమమ్మ ఇక ఉండబట్టలేక ఇటు తిరిగింది.

"వామాకు చెడ్డదనను సింగారీ. కానీ తినాల్సింది నువ్వు, అది కాదు. తొలిమలం బిగిసింది, అంతే. దాన్ని కడిగేవి ఆ ముర్రుపాలే. కుడవనియ్యి."

సింగారి మెత్తబడి దూడవైపు ఒక అడుగు వేసింది. పిల్లి దాని చెవి దగ్గరికొచ్చి, గడ్డిపరకకే ఓర్వలేనిది నీ బిడ్డ బాగు కోరుతుందా అంది. ఆ ఒక్క మాటా చాలింది. సింగారి తిరిగి తొట్టి దగ్గరికే పోయింది. ఎద్దు మధ్యలో ఏదో చెప్పబోతే, మగవాడివి నీకేం తెలుసని కసిరింది.

పొద్దెక్కేకొద్దీ పొదుగు సలిపి పాలు తొట్టిలోకి కారాయి. దూడ పొదుగు వెతుక్కుంటూ వచ్చినప్పుడల్లా తల్లి కాలు అడ్డంపెట్టింది. మందు చేదుగానే ఉంటుంది కదా అని సర్దిచెప్పుకుంది. దూడ వామాకు ముట్టలేదు. కాసేపటికి అరవడం కూడా మానేసింది. నొప్పి తగ్గి పడుకుందనుకుంది సింగారి.

మధ్యాహ్నం దాటాక తొట్టిలో చప్పుడైతే తల తిప్పింది. పిల్లి అడుగు నాకుతోంది. మీసాలకు పసుపు మీగడ.

"విరిగిన పాలన్నావు," అంది సింగారి.

"నీకు విరిగినవే," అంది పిల్లి మూతి తుడుచుకుంటూ. "మాట వినే చెవి నీది. నేను చెప్పానంతే." అని గోడెక్కి వెళ్లిపోయింది.

సింగారి దూడ దగ్గరికి పరుగెత్తింది. చెవులు చల్లగా ఉన్నాయి. పొదుగును నోటికి ఆనిస్తే చప్పరించే ఓపిక లేదు. ఎద్దు పొలాలవైపు తిరిగి ఆపకుండా రంకె వేసింది. ఇంటివాళ్లు వచ్చి చూసి పశువుల డాక్టరును పిలిపించారు. సూది వేశారు, గొట్టంతో పాలు పట్టారు. దూడ బతికింది.

బతికింది గాని, తొలిపాలు ఇచ్చే బలం తర్వాతి పాలు ఇవ్వలేకపోయాయి. ఈడు దూడలు గట్ల మీద గంతులేస్తుంటే ఇది తల్లి నీడలోనే నిలబడేది. చినుకు పడితే దగ్గు, ఎండ కాస్తే విరేచనాలు. సింగారి రోజంతా దాన్ని నాకుతూనే ఉండేది.

ఒకనాడు లచ్చుమమ్మ కూడా వచ్చి దూడను రెండోవైపు నుంచి నాకసాగింది.

"ఆవేళ నువ్వు నన్ను పొడిచైనా ఆపాల్సింది పెద్దమ్మా," అంది సింగారి.

"కట్టు తెంచుకుని రావాలనే అనిపించింది," అంది లచ్చుమమ్మ. "నేను చెప్పినా వినలేదుగా, అనుభవిస్తే తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. పంతం నీకొక్కదానికే లేదు."

ఇద్దరి మధ్యా నిలబడ్డ దూడ మళ్లీ దగ్గింది.

అలక పెద్దలదైతే, ఆకలి పసికడుపుది.