పొగ చెప్పిన సాక్ష్యం

అనగా అనగా, వానలు మొహం చాటేసిన ఒక కాలంలో, గండశిల అనే కొండకోట ఉండేదట. కోటలో మల్లభూపతి అనే రాజు, కోట కింద నాలుగు వందల గడపల ఊరు. వరసగా రెండేళ్ళు చినుకు రాలలేదు. చెరువులు నెర్రెలు బారాయి. పశువులు ఎండిన గట్లను వాసన చూసి వెనక్కి తిరిగాయి.

రాజు మంచివాడే. కోట గాదెలు తెరిపించాడు. పంట పండని ప్రతి ఇంటికీ పదిహేను రోజులకొకసారి మూడు కుంచాల జొన్నలు కొలిచి ఇమ్మన్నాడు. కలిగిన రోజుల్లో జొన్న సంకటిని చూసి మూతి విరిచినవాళ్ళు కూడా ఇప్పుడు దాన్ని కళ్ళకద్దుకుని తిన్నారు. ఆకలి రుచెరుగదని పెద్దలు ఊరికే అన్నారా?

ఆ కోటలో కొమరన్న అనే కావలివాడు ఉండేవాడు. తూర్పు బురుజు అతని చోటు. ఆమడ దూరంలో దుమ్ము లేస్తే అది గాలో, ఆలమందో, గుర్రపు దండో ఇట్టే చెప్పేసేవాడు. చూపు మంచిదే. ఆ చూపు మీద అతనికున్న గర్వం మాత్రం కాస్త ఎక్కువ.

ఒకనాడు మంత్రి నాగనామాత్యుడు గాదెలు చూసి వచ్చి రాజుతో అన్నాడు:

"ప్రభూ, గాదెలు అడుగంటుతున్నాయి. ఇలా అయితే దీపావళి దాటవు. ఊళ్ళో కొందరు ఇంట్లో గింజలు దాచుకుని మన గింజలకూ చెయ్యి చాపుతున్నారని వినికిడి. అలాంటివాళ్ళకు ఆపేస్తేనే మిగతావాళ్ళు బతుకుతారు."

ఆ మాట అబద్ధం కాదు. ఉన్నవాడు లేనివాడి వాటా తినడం కరువులో మహాపాపం.

"నిజమే. కానీ ఎవరికి ఉందో, ఎవరికి లేదో తెలిసేదెలా?" అన్నాడు రాజు. "అడిగితే ఉన్నవాడు ఉందంటాడా?"

అప్పుడు, ఆ పూట సభ గుమ్మానికి కావలిగా వచ్చి ఈటె పట్టుకుని నిలబడ్డ కొమరన్న ముందుకొచ్చాడు.

"ఏలినవారు చిత్తగించాలి. ఈసారి కొలత మూడు రోజులు ఆలస్యం చేయండి. అప్పటికి ఇచ్చిన జొన్నలు అందరికీ అయిపోతాయి. ఆ మూడు రోజులూ నేను బురుజు మీంచి ఊరిని కనిపెడతాను. ఎవరి కప్పు మీద పొగ లేస్తుందో వాళ్ళింట్లో సొంత గింజలున్నట్టే. మనిషి అబద్ధమాడతాడు గానీ, పొగ అబద్ధమాడదు ప్రభూ!"

సభంతా భేష్ అంది. రాజు తన చేతి కడియం తీసి కొమరన్నకు తొడిగాడు. ఆ రోజు కొమరన్న కాళ్ళు నేల మీద ఆనలేదు.

కొలత ఆగింది. కొమరన్న బురుజు గోడ మీద సుద్దతో ఊరి వీధులన్నీ గీసుకున్నాడు. మొదటి రోజు ముప్ఫై ఇళ్ళ మీద పొగ లేచింది. రెండో రోజు ఇరవై రెండు. మూడో రోజు పదిహేడు. మూడు రోజులూ తప్పకుండా పొగ లేచిన ఆ పదిహేడు ఇళ్ళూ మంత్రికి చెప్పాడు. మంత్రి ఆ పేర్లు కొట్టేయించాడు.

నాలుగో రోజు గాదె ముందు పేర్లు పిలిచారు. పదిహేడు ఇళ్ళవాళ్ళూ సంచులు పట్టుకుని నిలబడే ఉన్నారు. పేరు లేదనగానే కొందరు కేకలేశారు, కొందరు కొలిచేవాడి కాళ్ళ మీద పడ్డారు. "మీ ఇంటి పొగే మీ గుట్టు చెప్పింది, పొండి" అన్నారు భటులు.

ఒక ముసలమ్మ మాత్రం ఏమీ అనలేదు. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని వచ్చిన దారినే మెల్లగా వెళ్ళిపోయింది. ఆమె పేరు పోలమ్మ. కుమ్మరి వీధి చివరి గుడిసె ఆమెది. నా అన్నవాళ్ళెవరూ లేరు.

బురుజు మీంచి చూస్తున్న కొమరన్న, "తేలు కుట్టిన దొంగలా ఎలా పోతోందో చూడు" అనుకున్నాడు.

ఆ సాయంత్రం దీపాలవేళ పోలమ్మ కప్పు మీద పొగ లేచింది. కొమరన్న తనలో తాను నవ్వుకున్నాడు. మర్నాడూ లేచింది. ఆ మర్నాడూ లేచింది.

కానీ చూపు మంచిదైతే అదొక చిక్కు, పిల్లలూ. చూడాలనుకోనిది కూడా కనబడుతుంది. జొన్నలు వండాలంటే ముందు దంచాలి. దంచిన చోట నూక చిందుతుంది. నూక చిందిన చోట పిచ్చుకలు వాలతాయి, కరువులో వాటికీ ఆకలే కదా. కొలత అందిన ఇళ్ళ వాకిళ్ళన్నిట్లో పిచ్చుకలు కిచకిచలాడుతున్నాయి. పోలమ్మ వాకిట్లోనూ రోలు ఉంది. మూడు రోజులుగా ఆ రోలు చుట్టూ ఒక్క పిచ్చుకా వాలలేదు.

కొమరన్న ఆ రోలు వంకే చూస్తూ అనుకున్నాడు: "నిప్పు లేనిదే పొగ రాదంటారు, నిజమే. మరి నిప్పున్న చోటల్లా కూడు ఉంటుందా?"

మర్నాడు కావలి ఇంకొకరికి అప్పజెప్పి, అంబలి పోసిన సొరకాయ బుర్ర భుజాన తగిలించుకుని, బురుజు దిగి ఊళ్ళోకి నడిచాడు.

మొదట రుద్రప్ప మేడకు వెళ్ళాడు. పంట మొత్తం ఎండిపోయిందని ఏడ్చి కొలత రాయించుకున్న మోతుబరి ఆయన. ఆ మేడ మీద మూడు రోజులూ పొగ లేవలేదు. తీరా లోపలికి వెళితే నెయ్యి వాసన గుప్పుమంది. వసారాలో బొగ్గుల కుంపటి మీద సన్నబియ్యం ఉడుకుతోంది.

రుద్రప్ప మీసం దువ్వుకుంటూ నవ్వాడు. "బొగ్గులకు పొగ రాదు కదోయ్! సభలో మావాడొకడున్నాడులే, నువ్వు బురుజు ఎక్కకముందే మాకు కబురందింది. కూర్చో, నువ్వూ రెండు ముద్దలు తిను."

కొమరన్నకు ఆ వాసనకే వెగటు పుట్టింది. ముద్ద ముట్టకుండా బయటికొచ్చాడు.

తరువాత అద్దకం పని చేసే ఎర్రక్క ఇంటికి వెళ్ళాడు. కొట్టేసిన పదిహేడు పేర్లలో ఆమె పేరు ఒకటి. పొయ్యి మీద పెద్ద కాగు కుతకుతలాడుతోంది. కొమరన్న మూత తీసి చూశాడు. లోపల ఎర్రటి నీళ్ళు, ఆ నీళ్ళలో గుడ్డ.

"చూడన్నా, బాగా చూడు!" అంది ఎర్రక్క. "చిరివేరు రంగు. మీ కోట మీద ఎగరేసే జెండాలే ఇవి. కూలి దసరాకి ఇస్తామన్నారు మీ కోటవాళ్ళు. అందాకా నా పిల్లల్ని ఈ రంగునీళ్ళు తాగమంటావా?"

ఇద్దరు పిల్లలు గోడకు చేరగిలబడి అతన్నే చూస్తున్నారు. లేచి ఆడుకునే ఓపిక వాళ్ళలో లేదు. కొమరన్న తలదించుకున్నాడు. బుర్రలోని అంబలి సగం వాళ్ళకు పోసి కుమ్మరి వీధి దారి పట్టాడు.

పోలమ్మ గుడిసె చేరేసరికి పొద్దు వాలింది. తడిక తోసి లోపలికి వంగాడు. పొయ్యి మండుతోంది. పొయ్యి మీద కుండ, కుండ మీద మూత. పోలమ్మ పొయ్యి పక్కనే నేల మీద ఒరిగి, పచ్చి తాటాకు ఒక్కొక్కటే మంటలోకి ఎగదోస్తోంది. పచ్చాకు కదా, పొగ దండిగా వస్తోంది.

కొమరన్న మూత తీశాడు. కుండలో ఏమీ లేదు.

"అవ్వా! ఖాళీ కుండ కింద మంటెందుకు?"

"గట్టిగా అనకు నాయనా" అని పోలమ్మ పక్కింటి గోడ చూపించింది. "ఆ గోడవతల సీతి ఉంది. పచ్చి బాలింత, ఒళ్ళో ఇరవై రోజుల పసిగుడ్డు. నా కప్పు మీద పొగ లేవకపోతే దానికి కాలు నిలవదు. తన సంకటిలో సగం తెచ్చి నా ముందు పెడుతుంది. మొన్న కొలత ఆగింది కదా, ఆ ముందు రోజు అట్టాగే పెట్టింది. ఆ రాత్రి దానికి పాలు పడలేదు. పసిది గుక్కపట్టి ఏడిచింది. అందుకే పొద్దుగూకగానే పొయ్యి రాజేస్తా. అవ్వ దాచుకున్న గింజలు వండుకుంటోందిలే అనుకుని అది కడుపునిండా తింటుంది."

"మరి గాదె దగ్గర ఈ మాట ఎందుకు చెప్పలేదవ్వా?"

"నన్నెవరడిగారు నాయనా? పేరు లేదన్నారు, అంతే. అయినా సీతి నా వెనకే నిలబడి ఉంది. అది వినదూ?"

"నువ్వు తిని ఎన్నాళ్ళయింది?"

పోలమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయింది. మధ్యలోనే మర్చిపోయి చెయ్యి కింద పెట్టేసింది.

కొమరన్నకు ఏడుపు ఆగలేదు. వంట పొగ కాదది. తన చూపుకు ఎర వేసిన దొంగపొగ అంతకన్నా కాదు. ఒక తల్లి కడుపు నిండాలని ఒక ముసలిది తన ఆకలిని కప్పిపెట్టిన పొగ. దాన్ని చూసే తను ఆమె నోటి కాడి కూడు లాగేశాడు. మిగిలిన అంబలి ఆమెకు గుక్క గుక్కగా పట్టాడు. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాడు.

పొద్దున్నే కోటకు వెళ్ళి ముందుగా మంత్రికి అంతా చెప్పాడు. మంత్రి గొంతు తగ్గించి అన్నాడు: "తప్పు వార్త చెప్పిన కావలివాడికి కొలువు పోతుంది. చట్టం నీకు తెలుసు. గుట్టుగా ఆ ముసలిదానికి నాలుగు గింజలు పంపి ఊరుకో. నీ కొలువూ ఉంటుంది, నా మాటా ఉంటుంది."

"అవ్వకు నేను పంపుతాను సరే. మిగతా పదహారు ఇళ్ళకు ఎవరు పంపుతారు స్వామీ?" అని కొమరన్న నేరుగా సభలోకి నడిచాడు.

చేతి కడియం తీసి రాజు పాదాల ముందు పెట్టాడు. "ప్రభూ, పొగ అబద్ధమాడదన్నాను. పొగ ఆడలేదు, నేనే ఆడాను. తెలియనిది తెలిసినట్టు చెప్పాను. నా మాట వల్ల ఆకలిగొన్నవాళ్ళ కూడు ఆగింది, నెయ్యి తాగేవాడికి జొన్నలు అందాయి. నా కొలువు తీసేయండి. వాళ్ళ కొలత మాత్రం ఈ పూటే ఇప్పించండి."

రాజు నెమ్మదిగా అన్నాడు: "చూసింది నువ్వు. ఒక్క ఇంటికీ మనిషిని పంపకుండా కూడు ఆపించింది నేను. చట్టం ప్రకారం నువ్వు బురుజు దిగాల్సిందే. ఇకనుంచి నీ పని నేల మీద. ఎవరికైనా కొలత ఆపాలంటే నువ్వు ఆ ఇంటికి వెళ్ళాలి, వాళ్ళ ఎదుట కూర్చుని అడగాలి, వాళ్ళు చెప్పింది వచ్చి నాకు చెప్పాలి. అప్పటిదాకా ఏ పేరూ కొట్టడానికి వీల్లేదు."

ఆ పూటే జొన్న బస్తాలతో బళ్ళు కదిలాయి. కొమరన్న పదిహేడు ఇళ్ళూ ఎక్కి దిగాడు. నాలుగిళ్ళలో నిజంగానే గింజలున్నాయి, వాళ్ళకు ఆపారు. రుద్రప్ప మేడలో గోడ చాటున పది పుట్ల వడ్లు బయటపడ్డాయి. అవి ఊరి గాదెకు చేరాయి, ఆయనకు కొలత ఆగింది. ఎర్రక్క పిల్లలు ఆ సాయంత్రం సంకటి తిన్నారు. పోలమ్మ కోలుకుంది.

మిగిలిన పదమూడు ఇళ్ళలో చివరి ఇంటి తలుపు తట్టితే మాత్రం పలికినవాళ్ళు లేరు. పేరు కొట్టేసిన రోజే ఆ ఇంటివాళ్ళు, ముసలీ ముతకా, పిల్లా జెల్లాతో సహా, మూట కట్టుకుని ఊరు విడిచి వెళ్ళిపోయారని ఇరుగుపొరుగు చెప్పారు. కొమరన్న చుట్టుపక్కల ఊళ్ళన్నీ గాలించాడు. ఎండిన ఆ దారుల్లో వాళ్ళ జాడ దొరకలేదు.

ఆ తరువాత వానలు కురిశాయి, కరువు తీరింది. అందాకా ప్రతి కొలతకూ కొమరన్న ఆ ఇంటివాళ్ళ మూడు కుంచాలూ కొలిపించి పక్కన పెట్టేవాడు. వాళ్ళు రానే లేదు.

కాబట్టి పిల్లలూ, ఒకరి నోటి కాడి కూడు ఆపాలంటే ముందు వాళ్ళ గడప తొక్కి అడగాలి. ఆపేశాక తెలుసుకున్న నిజం ఎవరి ఆకలీ తీర్చదు.