వణుకుతున్న గుడ్డు జున్ను

సున్నపుగుట్ట కింద ఒకప్పుడు కుమ్మరులు కుండలు కాల్చేవారు. మంచి మన్ను వెతుక్కుంటూ వాళ్లు వేరే చోటికి వెళ్లిపోయారు. కుండలు కాల్చే ఆమూ, దాని పక్కన గుట్టగా పోసిన ప్రమిదలూ మూకుళ్లూ అక్కడే మిగిలిపోయాయి. మనుషులు వదిలేసిన చోటు ఎన్నాళ్లు ఖాళీగా ఉంటుంది? ముందు కోళ్లు వచ్చాయి. కోళ్ల వెనక పాములు వచ్చాయి. పాముల వెనక ముంగిసలు వచ్చాయి.

మొన్నటి వానల్లో ఒక్క తాచుపాము ఆరు కోడిపిల్లల్ని మింగేసింది. దాంతో కోళ్ల పెద్ద చుక్కలమ్మ, ముంగిసల నాయకుడు ఓబులేసును పిలిచి ఒప్పందం మాట్లాడింది.

"మా పిల్లల్ని మీరు కాయండి. పొదిగినా పిల్ల రాదని తెలిసిన గుడ్లు మేమే ముందుగా ఏరి మీకిస్తాం. ఒక్కటే షరతు. పచ్చి గుడ్డు మీ నోట పడకూడదు. పచ్చిగుడ్డు రుచి మరిగినవాడికి ఏ గుడ్డులో పిల్ల ఉందో కనపడదు."

"బాగానే ఉంది వదినా. మరి వండేదెవరు? మాకు కరవడమే వచ్చు," అన్నాడు ఓబులేసు.

అందరూ గుబురయ్య వైపు చూశారు. గుబురయ్య ఎలుగుబంటి. ఆము పక్కనే కాపురం. పెద్ద చేతులు, పెద్ద మనసు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. కాకపోతే చెప్పింది ముందు అర్థం కావాలి, చిక్కంతా అక్కడే.

"నేనా? పొద్దు పొడవక ముందే లేచి వండాలంటే నా వల్ల కాదు బాబూ. మా జాతికి నిద్ర ఎక్కువ," అన్నాడు గుబురయ్య.

"సాయంత్రమే వండి పెట్టుకో. పొద్దున్నే పంచిపెట్టు," అంది నీలవేణి. ఆమె గేదె. దూడ మేతకు అలవాటు పడిపోవడంతో పాలు మిగిలిపోతున్నాయి. "నా పాలు, చుక్కలమ్మ గుడ్లు, నీ పొయ్యి. గుడ్డు జున్ను చెయ్యి. రాత్రంతా తడి ఇసుకలో పెడితే పొద్దుటికి చల్లగా, మెత్తగా ఉంటుంది."

"ఎలా చెయ్యాలి పెద్దమ్మా?"

నీలవేణి చెప్పడం మొదలుపెట్టింది. చెడ్డ అలవాటేమిటంటే ఆమె నెమరు వేస్తూ చెబుతుంది. సగం మాట బయటికి వస్తుంది, సగం మేతతో పాటు లోపలికి పోతుంది.

"గుడ్లు కొట్టు. మీగడ పాలు పొయ్యి. విరిగిన పాల ముద్ద ఇంత, ఉప్పు, మిరియాల పొడి. బాగా కలుపు, నురగ మాత్రం రానీకు. పల్చటి గుడ్డలో వడగట్టు. ప్రమిదలకు వెన్న రాసి పొయ్యి. నిప్పు మీద పెట్టు, నిప్పు తగలనీకు. నీళ్లలో పెట్టు, నీళ్లు తగలనీకు. ఉడక్క ముందే తీసెయ్. తీశాక..."

అక్కడ మేత అడ్డం పడింది. నీలవేణి కళ్లు మూసుకుని నమలసాగింది.

"తీశాక?" అన్నాడు గుబురయ్య.

"ఊఁ," అంది నీలవేణి. నిద్రపోయింది.

గుబురయ్య తల గోక్కున్నాడు. నిప్పు మీద పెట్టి నిప్పు తగలకుండా ఎలా? నీళ్లలో పెట్టి నీళ్లు తగలకుండా ఎలా? ఉడక్క ముందే తీసేస్తే అసలు పొయ్యి ఎందుకు? మళ్లీ అడుగుదామంటే, ఇంత చెప్పినా తెలియలేదా అంటుందేమోనని సిగ్గు.

మొదటి రోజు నీళ్ల మాట వదిలేసి నిప్పు మాట పట్టుకున్నాడు. ప్రమిదల్ని సరాసరి నిప్పుల మీద పెట్టాడు. జున్ను పూరీల్లా పొంగింది. గుబురయ్య మురిసిపోయి చప్పట్లు కొట్టాడు. చప్పట్లు ఆగేలోపే అన్నీ చప్పున కూలిపోయి, తేనెపట్టులా చిల్లులు చిల్లులుగా మిగిలాయి. తేనెపట్టు అంటే ఎలుగుబంటికి ప్రాణమే గానీ, ఇందులో తేనె లేదు.

పొద్దున్నే ఓబులేసు ఒకటి కొరికి చూశాడు. "బావా, ఇది నమిలితే పాముల మీద వాడడానికి నాకు పళ్లు మిగలవు," అన్నాడు.

రెండో రోజు గుబురయ్య చాలాసేపు ఆలోచించాడు. వెడల్పాటి మూకుడు నిప్పుల మీద పెట్టి, అందులో వేడినీళ్లు పోసి, ఆ నీళ్లలో ఇరవై ప్రమిదల్ని సగం మునిగేలా నిలబెట్టాడు. పైన ఇంకో మూకుడు బోర్లించాడు. మంట తగ్గించి, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. కాసేపటికి మూత తీసి చూస్తే జున్ను లేత పసుపు రంగులో, అంచుల దగ్గర గట్టిగా ఉంది. ప్రమిదను కదిపితే నడుమ మాత్రం తిరునాళ్లలో తప్పిపోయిన పిల్లలా గడగడ వణికింది.

"ఉడికిందా? ఉడకలేదా?" గుబురయ్యకు తేలలేదు.

"కుశలమా మామా!" అని వినపడింది వెనక నుంచి.

నక్క అది. కనపడిన ప్రతివాడినీ కుశలం అడుగుతూ తిరిగేది కాబట్టి దాని పేరే కుశలం అయిపోయింది. అడిగించుకున్నవాడి కుశలం ఆ తర్వాత ఎన్నాళ్లుంటుందన్నది వేరే సంగతి.

"రా అల్లుడూ. ఇది చూసి చెప్పు. నాకు ఏమీ అర్థం కావట్లేదు."

ఆ మాట వినగానే కుశలం చెవులు నిక్కబొడుచుకున్నాయి. ప్రమిద మీద ముక్కు పెట్టి వాసన చూశాడు. గుటక మింగాడు. మింగిన గుటకను దగ్గుగా మార్చాడు.

"అయ్యో మామా! వణుకుతోందే! చలిజ్వరం వచ్చినవాడు వణికినట్టు వణుకుతోంది. లోపల పచ్చి. ఇది తిన్నవాడికి పొద్దునకల్లా కడుపులో కత్తులు తిరుగుతాయి. ముంగిసలు కడుపు పట్టుకుని పొర్లుతుంటే తాచుపాము ఊరుకుంటుందా?"

గుబురయ్య కంగారుగా ప్రమిద కింద పెట్టేశాడు. "మరి పెద్దమ్మ ఉడక్క ముందే తీసెయ్యమంది కదా?"

"నెమరు వేస్తూ చెప్పిన మాట, నువ్వే తప్పు విని ఉంటావు. బాగా వణికే ఎనిమిది ఇటు ఇవ్వు. పిల్లలు ముట్టుకోకుండా ఎక్కడో దూరంగా గొయ్యి తీసి పూడ్చేస్తాను. మిగతా పన్నెండూ రాయిలా నిలబడేదాకా కాల్చు."

"నీకెందుకు అల్లుడూ శ్రమ?"

"పరోపకారం మామా. అలవాటైపోయింది."

ఎనిమిది ప్రమిదలు బుట్టలో పెట్టుకుని నక్క వెళ్లిపోయింది. గుబురయ్య మిగతా పన్నెండిటినీ రాయి చేశాడు.

అప్పటి నుంచి రోజూ అదే తంతు. పొద్దు వాలే వేళకు కుశలం వచ్చేవాడు. ఒకరోజు "మంట ఎక్కువైంది" అనేవాడు, మర్నాడు "మంట చాల్లేదు" అనేవాడు. ఒకరోజు పాలు తగ్గించమనేవాడు, మర్నాడు నిన్న ఎందుకు తగ్గించావని తిట్టేవాడు. ఎలా చేసినా చివరికి వణికేవి ఎనిమిది నక్క బుట్టలోకి, రాళ్లు పన్నెండు ముంగిసల ముందుకి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, సలహా పెరిగేకొద్దీ గుబురయ్యకు తెలిసిన కాస్తా పోయింది. ఏది ముందో ఏది వెనకో తెలియక, ఒకనాడు ప్రమిదలకు లోపల రాయాల్సిన వెన్న బయట రాశాడు.

వారం తిరిగేసరికి ముంగిసలు చిక్కిపోయాయి. ఓబులేసు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, నీ మీద నాకు కోపం లేదు. కానీ ఖాళీ కడుపుతో పాముతో పోట్లాడితే నా వాళ్లు చస్తారు. రేపొక్కరోజు చూస్తాను. రేపు కూడా ఇంతే అయితే మా దారి మేం చూసుకుంటాం."

గుబురయ్య ప్రమిదలు ఏరుకుంటూ ఆలోచనలో పడ్డాడు. ముంగిసలు వెళ్లిపోతే కోడిపిల్లల గతేమిటి? అవి సాయంత్రాలు వచ్చి తన వీపు మీద ఎక్కి జారుతాయి. ఆ వీపు ఇప్పుడు బరువెక్కినట్టయింది.

ఆ సాయంత్రం ఆ బెంగతోనే వండాడు. కుశలం వచ్చి యథాప్రకారం ఎనిమిది పట్టుకుపోయాడు.

తెల్లవారుతుండగా ముంగిసలు వరస కట్టి కూర్చున్నాయి. చుక్కలమ్మా వచ్చింది, నీలవేణీ వచ్చింది. ఎవరు ఉంటారో ఎవరు పోతారో చూద్దామని కుశలం కూడా మూతి తుడుచుకుంటూ వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు. గుబురయ్య ప్రమిదలు సర్ది, పైన చల్లడానికి మిరియాల సంచి తీశాడు. తీసి, అలాగే నిలబడిపోయాడు.

పాత సంచి మొన్ననే అయిపోయింది. ఈ కొత్త సంచి నిండా ఉంది. మూతికి కట్టిన నార కూడా విప్పలేదు.

'నిన్న నేను మిరియాలు నూరానే! సంచి విప్పకుండా దేన్ని నూరాను?'

గూట్లో చెయ్యి పెడితే ఆకు పొట్లం ఒకటి తగిలింది. అందులో అడుగున నాలుగు నల్లటి గింజలు మిగిలి ఉన్నాయి. గుబురయ్యకు ఒళ్లంతా చెమట పట్టింది. పది రోజుల కిందట ఆము చుట్టూ ఉన్న ఉమ్మెత్త మొక్కలు పీకేశాడు. కోడిపిల్లలు పొడుస్తాయేమోనని వాటి గింజలు పొట్లం కట్టాడు. ఆ పొట్లం లోయలో పారేశాడా? పారేద్దామనుకుని గూట్లో పెట్టాడా? ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు.

"ఆగండి!" అని అరిచాడు. "ఎవరూ ముట్టుకోకండి! నేను... నేను ఉమ్మెత్త గింజలు నూరి కలిపేశానేమో!"

ఓబులేసు నోటిదాకా వెళ్లిన ముక్క కింద పడేశాడు. కోళ్లు కెక్కెక్కెమన్నాయి. గుబురయ్య నక్క వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అల్లుడూ, నువ్వు పూడ్చినవి కూడా తవ్వి తీసి దూరంగా పారేయాలి! ఏ కుక్కో తోడుకుని తింటే పాపం నాది. ఎక్కడ పూడ్చావు, చూపించు!"

కుశలం ముఖం పాలిపోయింది. కాళ్లు మెలిక పడ్డాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు పొట్ట తడుముకున్నాడు.

"ఉమ్మెత్తా? నిజంగా ఉమ్మెత్తేనా మామా?"

"నాకేం తెలుసు అల్లుడూ! నాకేదీ తెలియడం లేదు!"

చుక్కలమ్మ గబగబా వచ్చి పొట్లంలోకి తొంగిచూసింది. గింజను చూస్తే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలదు కోడి. ఉమ్మెత్త గింజ పల్చగా, చెవి ఆకారంలో ఉంటుంది. ఇవి గుండ్రంగా, ముడతలు పడి ఉన్నాయి. ఎప్పుడో గుబురయ్య నాటుదామని ఎండబెట్టిన బొప్పాయి గింజలు. చుక్కలమ్మ నోరు తెరవబోయింది. అంతలో పొట్ట పట్టుకున్న నక్క కంట్లో పడింది. తెరిచిన నోరు మూసేసి, మళ్లీ మెల్లగా తెరిచింది.

"అయ్యయ్యో. ఇది నిదానంగా ఎక్కే రకం. ముందు నాలుక పొడారుతుంది. తర్వాత కాళ్లు తేలిపోతాయి. తిన్నవాడు తిన్నానని చెప్పి వేపాకు కషాయం తాగితే బతుకుతాడు. పూడ్చినవాడికి ఏ భయమూ లేదనుకో."

కుశలం నాలుక అప్పటికే పొడారిపోయింది. కాళ్లు అంతకుముందే తేలిపోయాయి. దభీమని నేల మీద పడ్డాడు.

"తిన్నాను వదినా! ఎనిమిదీ తిన్నాను! ఇప్పుడే తిని వచ్చాను! కషాయం పొయ్యండి!"

"అదేమిటి అల్లుడూ? పూడ్చానన్నావు కదా. గోతిలోవి పొట్టలోకి ఎలా వచ్చాయి?" అన్నాడు గుబురయ్య, నిజంగానే అర్థం కాక.

"గొయ్యీ లేదు, గాడిద గుడ్డూ లేదు! రోజూ తింటూనే ఉన్నాను! ఆ వణికేవే మామా అసలైనవి! సాయంత్రం తీసుకెళ్లి చల్లటి చోట పెడితే, తెల్లారేసరికి వాటంతటవే గట్టిపడతాయి. మీగడలా, నోట్లో పెడితే కరిగిపోతాయి! పచ్చి అని అబద్ధం చెప్పాను! కషాయం ఏదీ?"

నీలవేణి నమలడం ఆపింది. "అదే కదా నేను చెప్పింది! ఉడక్క ముందే తీసెయ్, తీశాక లోపలి వేడికి అదే గట్టిపడుతుంది అని."

"తీశాక దగ్గర నువ్వు నిద్రపోయావు పెద్దమ్మా," అన్నాడు గుబురయ్య.

"లేపి అడగొచ్చు కదరా!"

కషాయం వచ్చింది. పెద్ద ముంత నిండా కాచింది చుక్కలమ్మ. కుశలం ముక్కు మూసుకుని చివరి చుక్క దాకా తాగాడు. తాగాక చుక్కలమ్మ తాపీగా చెప్పింది. "బొప్పాయి గింజలు. ఎవరికీ ఏమీ కాదు."

ఓబులేసు పళ్లు బయటపెట్టి రెండడుగులు ముందుకు వేశాడు. గుబురయ్య తన పెద్ద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండు బావా. నాకు రేపటి దాకా గడువు ఇవ్వగలవా? ఇప్పుడు నాకు తెలిసింది."

ఓబులేసు నక్కనూ చూశాడు, ఎలుగుబంటినీ చూశాడు. "ఒక్కరోజే," అన్నాడు.

ఆ సాయంత్రం గుబురయ్య చిన్న మంట మీద, వేడినీళ్లలో ఇరవై ప్రమిదలూ నిలబెట్టాడు. నడుమ ఇంకా వణుకుతుండగానే బయటికి తీశాడు. అనుమానం వచ్చినా మళ్లీ పొయ్యి మీద పెట్టలేదు. వేడి చల్లారాక తడి ఇసుకలో దించి, గుడ్డ కప్పి, మళ్లీ కదపాలనిపించకుండా కావాలనే దూరంగా పోయి పడుకున్నాడు. తెల్లారి తీసి చూస్తే ఒక్కటీ వణకలేదు. వేలు పెడితే జున్నులా మెత్తగా దిగింది. ముంగిసలు మాట్లాడకుండా తిన్నాయి, ప్రమిదలు నాకాయి, కాపలాకు వెళ్లాయి. ఓబులేసు మాత్రం పోతూ పోతూ వెనక్కి తిరిగి, "రేపు కూడా ఇరవయ్యేనా బావా, ఇంకో నాలుగు పెంచుతావా?" అన్నాడు. గుబురయ్య అప్పుడే కుప్పలోంచి ఇంకో నాలుగు ప్రమిదలు ఏరడం మొదలుపెట్టాడు.

గుట్ట దాటి వెళ్లిపోతున్న కుశలానికి దారిలో గుబురయ్య ఎదురయ్యాడు. తిట్టలేదు, కొట్టలేదు.

"అల్లుడూ, ఒక్క సంగతి నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆకలేస్తోంది మామా, ఒకటి పెట్టు అని అడిగితే రోజూ పెట్టేవాణ్ణి కదా. ఎందుకు అడగలేదు?"

  అడిగితే పెడతారన్న సంగతి పుట్టి బుద్ధెరిగాక కుశలానికి ఎన్నడూ తట్టనే లేదు. తల గోక్కుంటూ, వెనక్కి తిరిగి తిరిగి చూస్తూ గుట్ట అవతలికి దిగిపోయాడు.

అర్థం కాలేదని అడిగేవాడు ఎప్పటికైనా నేర్చుకుంటాడు. ఎదుటివాడికి అర్థం కాకుండా చేసి బతికేవాడు తన నోటితోనే దొరికిపోతాడు.